కంట్రోల్ డబ్బా

దేవకుమార్ గారికి పక్కన జత లేనిదే ఏదీ కంటికి ఆనదు. మీరు ఆయనతో "ఇవాళ ఎండ బాగా ఎక్కువగా ఉందండీ" అన్నారనుకోండి. మామూలు మనిషైతే అవునని చెమట తుడుచుకుంటాడు. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని "దేనితో పోలిస్తే?" అంటారు. కాఫీ బావుందంటే దేనితో పోలిస్తే. పక్కింటి పిల్లాడు పొడుగయ్యాడంటే దేనితో పోలిస్తే. అమెరికాలోని అల్ఫారెట్టా తెలుగు చర్చిలో ఒక ఆదివారం పాస్టర్ గారు చేయి కలుపుతూ "ఇవాళ్టి వాక్యం ఎలా ఉంది బ్రదర్?" అని అడిగి, తిరుగు ప్రశ్న తిన్నారు. అప్పట్నుంచి ఆయన దేవకుమార్ గారికి చేయి ఇస్తున్నారు గానీ ప్రశ్న వేయడం లేదు.

పెళ్లిచూపులనాడు కూడా ఇంతేనట. ప్రేమజ్యోతి గారు టీ పట్టుకొచ్చి ఇస్తే, ఒక గుక్క తాగి, "ఇంకో కప్పు మీ అమ్మగారు పెట్టింది దొరుకుతుందాండీ?" అని అడిగారట. పెళ్లికూతురి మేనమామ లేచి బయటికి వెళ్లిపోయాడు. ప్రేమజ్యోతి గారు మాత్రం వంటింట్లోకి వెళ్లి, తనే ఇంకో కప్పు పెట్టి, అమ్మ పెట్టిందని చెప్పి ఇచ్చారు. ఆయన రెండోది తాగి "మీదే బావుంది" అన్నారు. ఈ సంగతి ఆవిడ పెళ్లయిన చాలా ఏళ్లకు గానీ బయటపెట్టలేదు.

మైత్రికి ఈ ప్రశ్న ఉద్యోగం ఇంటర్వ్యూలోనే తగిలింది. కరీంనగర్ పిల్ల, కెమిస్ట్రీలో పీహెచ్‌డీ అప్పుడే చేతికొచ్చింది. కోటు వేసుకుని, చెప్పాల్సిందంతా బట్టీపట్టి అల్ఫారెట్టాలోని ఆ చిన్న ల్యాబుకు వచ్చి కూర్చుంటే, ఎదురుగా ఉన్న భారీ మనిషి ఒక పేపర్ కప్పు ముందుకు జరిపాడు.

"కాఫీ ఎలా ఉందమ్మా?"

"మంచిగుంది సర్."

"దేనితో పోలిస్తే?"

ఆయన ఇంకో కప్పు జరిపారు. మైత్రి దాన్నీ రుచి చూసింది. మొదటిది మళ్లీ ఒక గుక్క తాగి, "రెండూ ఒకటే కాఫీ సర్. రెండూ బాగలేవు" అంది. ఆ మాటతో ఆమెకు ఉద్యోగం వచ్చింది. బట్టీపట్టినదంతా అలాగే మిగిలిపోయింది.

ఇక బియ్యం బస్తా సంగతి. దేవకుమార్ గారి ఇల్లు పక్క ఊరైన కమ్మింగ్‌లో. డాక్టరు బరువు తగ్గమన్నాడు. ఆయన తూకం యంత్రాన్ని నమ్మరు. అందుకని గరాజ్‌లో యంత్రం పక్కనే విప్పని సోనామసూరి బస్తా ఒకటి పెట్టుకున్నారు. రోజూ పొద్దున ముందు బస్తాను తూచడం, తర్వాత తను ఎక్కడం. తను బస్తాకు ఎన్ని రెట్లో అదే ఆయనకు లెక్క. యంత్రం తప్పు చూపిస్తే ఇద్దరికీ ఒకేలా తప్పు చూపిస్తుంది, రెట్లు మాత్రం మారవు అని ఆయన ధీమా. అంతా బాగానే ఉంది గానీ, ఒకరోజు ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. ప్రేమజ్యోతి గారు బస్తా మూల విప్పి నాలుగు గ్లాసులు తీసుకుని మళ్లీ కుట్టేశారు. మర్నాడు బస్తా తేలికగా తూగింది. యంత్రం తక్కువ చూపిస్తోందని ఆయన నిర్ణయించుకున్నారు. రెట్ల ప్రకారం తను లావెక్కారు. దాంతో అన్నం మానేసి కీరదోసకాయలు మొదలుపెట్టారు. ఆవిడ రోజూ నాలుగు గ్లాసులు తీస్తూనే ఉన్నారు, ఆయన రోజూ లావెక్కుతూనే ఉన్నారు. ప్యాంటు బెల్టుకు కొత్త బెజ్జం పెట్టుకుంటూ కూడా లావెక్కుతున్నాననే బెంగపడ్డారు. చివరికి బస్తా చేతిలో గుడ్డసంచిలా వేలాడిన రోజున అసలు సంగతి తెలిసింది.

"స్టాండర్డ్‌ని ముట్టుకున్నావా జ్యోతీ?"

"అన్నం వండొద్దా అండీ? పిల్లలకి మీ లెక్కలు పెట్టమంటారా?"

ఇంతకీ ఆయన పని కూడా ఇదే కాబట్టి ఆయన్ని బాగుచేసే దారి లేకపోయింది. ఆ ల్యాబుకు ఆస్పత్రుల నుంచి రోగుల రక్తం వస్తుంది. మనం తిన్న తిండి ఒంట్లో అరిగి ఏయే చిన్న చిన్న పదార్థాలుగా మారిందో, ఏది ఎంత ఉందో అందులో కొలవాలి. అయితే రక్తాన్ని వడగట్టి, ఎండబెట్టి, మళ్లీ కరిగించి యంత్రంలోకి పంపేలోపు బోలెడంత సరుకు దారిలో రాలిపోతుంది. ఎంత రాలిందో చెప్పడానికి జత కావాలి.

దానికోసం దేవకుమార్ గారు ఈస్టును పెంచుతారు. రొట్టెలు పొంగించే ఈస్టే. దానికి మామూలు గ్లూకోజు కాకుండా బరువైన కార్బన్‌తో చేసిన గ్లూకోజు మేపుతారు. అది తిన్న ఈస్టు ఒంట్లో ప్రతి పదార్థమూ మామూలుదానికి అచ్చం కవలలా ఉంటుంది, కాస్త బరువెక్కువ, అంతే. ఆ ఈస్టు సారాన్ని మొట్టమొదట్లోనే రక్తంలో కలిపేస్తారు. అక్కణ్ణుంచి ఇద్దరిదీ ఒకటే ప్రయాణం. దారిలో ఇది సగం పోతే అదీ సగం పోతుంది. చివర్లో యంత్రం రెంటినీ విడివిడిగా తూచినప్పుడు ఎంత పోయినా నిష్పత్తి మాత్రం నిలబడుతుంది. ఈ ఈస్టును ఆయన "మా పిల్లలు" అంటారు. సొంత పిల్లలు దీనికి ఎప్పుడో అలవాటుపడ్డారు.

మైత్రి పద్ధతి వేరు. ఈస్టూ లేదు, మేపడమూ లేదు. రక్తంతో పనంతా అయ్యాక, చివర్లో ఆ పదార్థాలకు రసాయనపు తోక ఒకటి తగిలిస్తుంది. రోగి రక్తానికి తేలిక తోక, పోల్చి చూసుకునే ద్రావణానికి బరువు తోక. చవక, తొందరగా అవుతుంది, పైగా ఈస్టు ఒంట్లో లేని పదార్థాలకు కూడా తోక అతుక్కుంటుంది. దీనిమీద ఇద్దరికీ రోజూ వాదనే.

"చివర్లో వచ్చి చేయి కలిపేవాడికి దారిలో ఏం జరిగిందో ఏం తెలుస్తుందమ్మా?" అనేవారు ఆయన.

"మీ ఈస్టుకి కిడ్నీ జబ్బంటే తెలుసా సర్? అది ఎప్పుడన్నా డయాలసిస్‌కి పోయిందా?" అనేది మైత్రి.

"పోలేదు. కానీ నమ్మకమైనది."

"దేనితో పోలిస్తే?" అని మైత్రి అంటే ఆయన మొహం పండగలా వెలిగిపోయేది. పొగిడినా ఆయనకు అంత ఆనందం ఉండదు.

ఇక ఈ కథకు అసలు వస్తువైన డబ్బా దగ్గరికి వద్దాం. ఉద్యోగంలో చేరిన కొత్తలో మైత్రి మధ్యాహ్నం పూట కాఫీతో సరిపెట్టేది. వండుకునే ఓపిక లేదు, కొనుక్కుంటే నచ్చదు, శాకాహారం. దేవకుమార్ గారు ఒకసారి తన బాక్స్ మూత తీస్తూ "కాస్త తినమ్మా" అన్నారు. "వద్దు సర్, నాకు లంచ్ అలవాటు లేదు" అంది మైత్రి. ఆ పూట ఆమె కడుపు చేసిన చప్పుడు పక్క గదిలోకి కూడా వినిపించింది గానీ, మొహమాటం మొహమాటమే.

ఆ తర్వాతి వారం నుంచి ఆయన రెండు డబ్బాలు తేవడం మొదలుపెట్టారు. ఒకే సైజు, ఒకే రంగు, రెండింట్లో ఒకే కూర.

"రెండెందుకు సర్?"

"ఒకటి తినడానికి. ఒకటి కంట్రోల్."

"కంట్రోల్ ఏం చేస్తది?"

"ఏమీ చేయదు. ఫ్రిజ్‌లో కూర్చుంటుంది. సాయంత్రం నాకు కడుపులో తేడా చేసిందనుకో, తప్పు వంటదో కడుపుదో ఎలా తేల్చడం? జత ఉండాలి కదా."

మైత్రి ముందు ఊరికే మూత తీసి చూసింది. పాలు పోసి వండిన బీరకాయ కూర. మర్నాడు ఒక చెంచా రుచి చూసింది. ఆపైన డబ్బాను కోటు కింద దాచుకుని పార్కింగ్‌లో కారులో కూర్చుని మొత్తం తినేయడం అలవాటైంది. సాయంత్రం ఆయన ఫ్రిజ్ తెరిచి, ఖాళీ డబ్బాను చూసి, ల్యాబంతా వినేలా "ఇవాళ కూడా కంట్రోల్ నిలవలేదు" అని గంభీరంగా ప్రకటించేవారు. మర్నాడు మళ్లీ తెచ్చేవారు. ఆయనకు అనుమానమంతా టెక్సాస్ నుంచి వచ్చిన ఆరడుగుల కుర్రాడి మీద ఉన్నట్టు కనిపించేది. "అతనికి బీరకాయంటే ప్రాణంలా ఉందమ్మా" అని మైత్రితోనే అన్నారు. "తిన్నవాళ్లెవరో ఉప్పు సరిపోయిందో లేదో చెబితే మా ఆవిడ సంతోషిస్తుంది" అని కూడా అన్నారు. మర్నాడు ఖాళీ డబ్బా మీద ఇంగ్లీషులో ఒక చీటీ అంటించి ఉంది, ఉప్పు కొంచెం తక్కువ అని. టెక్సాస్ కుర్రాడు రాసినట్టుండాలని మైత్రి అక్షరాలు వంకరగా రాసింది.

ఒక్క విషయం మాత్రం ఆమెకు అంతుపట్టేది కాదు. దేవకుమార్ గారిది నరసాపురం. చేపల గురించి మాట్లాడటం మొదలుపెడితే మీటింగులు ఆగిపోతాయి. అలాంటి మనిషి డబ్బాలో రోజూ బీరకాయ, దొండకాయ, తోటకూర. డాక్టరు మాన్పించి ఉంటాడని జాలిపడింది. జాలిపడుతూనే తినేది.

ఇలా ఉండగా ల్యాబు యజమాని లిండాకు కిడ్నీ రోగుల మీద పెద్ద పని ఒకటి వచ్చింది. ఏ పద్ధతిలో కొలవాలో తేల్చాలి. పరీక్షకు వచ్చిన రక్తాన్ని ఇద్దరికీ చెరి సగం పంచి, "గురువారం ఇద్దరూ చూపించండి, ఏది నిలబడితే దానితో వెళ్దాం" అంది. తర్వాత మైత్రిని విడిగా పిలిచి, ఈ ఉద్యోగం తోకల పద్ధతి కోసం పెట్టిందేనని, అది నెగ్గకపోతే వేసవి తర్వాత కొనసాగించడం కష్టమని చెప్పింది. లిండా మంచిదే, మెత్తగానే చెప్పింది. కానీ మైత్రి వీసా మీద ఉంది. ఆమెకు ఉద్యోగం పోతే సూట్‌కేసు కూడా సర్దుకోవాలి.

సోమవారం మైత్రి రక్తం పోసిన తన గొట్టాలన్నీ ఎండబెట్టే యంత్రంలో పెట్టింది. అది వేడిచేస్తూ గిరగిరా తిప్పి తడినంతా లాగేస్తుంది. తడి ఆరగానే తీసేయాలి, లేకపోతే సరుకు అడుగంటుతుంది. ఈలోపు తిని వద్దామని కంట్రోల్ డబ్బాతో కారులోకి వెళ్లింది. ఆ రోజు గుత్తివంకాయ. కింద పెరుగన్నం, అందులో దానిమ్మ గింజలు. బయట జార్జియా ఎండ, లోపల చల్లటి ఏసీ. డబ్బా ఖాళీ అయ్యింది, సీటు వెనక్కి వాలింది, మైత్రి కూడా వాలింది.

లేచి పరుగెత్తుకొచ్చేసరికి ప్రతి గొట్టం అడుగునా గోధుమరంగు పెచ్చు కట్టి ఉంది. వేరే రక్తం లేదు. మైత్రి స్టూలు మీద కూలబడింది.

దేవకుమార్ గారు వచ్చి ఒక గొట్టాన్ని వెలుతురుకేసి పట్టి చూశారు. "వేడి ఎంత పెట్టావు?"

మైత్రి చెప్పింది.

"ఎంతసేపు?"

అదీ చెప్పింది. "కారులో నిద్రపట్టింది సర్." ఏం తిని పట్టిందో చెప్పలేదు.

"అంతా ఒకటే వేడి మీదేనా? మధ్యలో మార్చలేదుగా?"

"లేదు. ఇప్పుడీ లెక్కలన్నీ ఎందుకు సర్?"

"పోల్చడానికమ్మా."

మైత్రికి ఒళ్లు మండింది. మనిషి మునిగిపోతుంటే నీళ్ల లోతు అడుగుతాడేమిటి ఈయన అనుకుంది. రాత్రి ఇండియాకి ఫోన్ చేసి అమ్మతో "అంతా మంచిగనే ఉంది" అని చెప్పి, పెట్టేశాక ఏడ్చింది.

గురువారం మీటింగు ఇంగ్లీషులోనే జరిగింది, మనం తెలుగులో చెప్పుకుందాం. మైత్రి దాచకుండా చూపించింది. గొట్టాలు మాడాయని, తప్పు తనదేనని, ఉండాల్సినదాంట్లో సగం కూడా కనపడటం లేదని, చివర్లో తగిలించిన తోకకు ఆ నష్టం తెలిసే అవకాశం లేదని చెప్పి కూర్చుంది. లిండా పెన్ను మూత పెట్టేసింది. మైత్రికి ఆ మూత చప్పుడు చాలా గట్టిగా వినిపించింది.

దేవకుమార్ గారు లేచి యంత్రం గీసిన తన బొమ్మ తెర మీద వేశారు. ఎంత సరుకుంటే అంత ఎత్తు లేచే ఆ గీతలు ఆయనవి ఎప్పుడూ కొండల్లా ఉంటాయి. ఆ రోజు పుట్టల్లా ఉన్నాయి. అచ్చం మైత్రి వాటిలాగే.

"దేవ్, నీవాటికేమైంది?" అంది లిండా.

"మాడ్చాను."

"ఏంటీ?"

"అదే వేడి, అంతేసేపు. మైత్రివి పొరపాటున మాడాయి. నావి కావాలని మాడ్చాను. ఆమెవి మాడి, నావి పచ్చిగా ఉంటే ఇంక మనం పోల్చేదేమిటి? ఆమె నిద్రకీ నా మెలకువకీ పోటీ పెట్టినట్టవుతుంది."

టెక్సాస్ కుర్రాడు చిన్నగా దగ్గాడు.

"కాన్ఫరెన్స్‌లో చూపిస్తానన్నవి ఇవే కదా?" అంది లిండా. "చలికాలమంతా ఆ ఈస్టును పెంచావు."

"మళ్లీ మేపుతాను. దానికి ఆకలెక్కువ." ఆయన తెరవైపు తిరిగారు. "చూడండి. నావి కుంగాయి గానీ నిష్పత్తులు చెదరలేదు, ఎందుకంటే జత మొదట్నుంచీ పక్కనే ఉండి తనూ మాడింది. కాబట్టి ఈస్టు కావాలి. కానీ కిడ్నీ రోగుల్లో మనం వెతికేవాటిలో చాలావాటి దగ్గర పట్టికలో నా గడి ఖాళీగా ఉంది చూశారా? అవి ఈస్టు ఒంట్లో పుట్టవు. అవి కనపడింది మైత్రి తోకలకే. మాడినా కనపడ్డాయి. మొదట్లో నా ఈస్టు కలిపి, చివర్లో ఆమె తోకలు తగిలిస్తే దారిలో ఎంత పోతోందో ఈస్టు చెబుతుంది, ఈస్టు ఎరగనివాటిని తోకలు చెబుతాయి. ఒకటే చిక్కు. తోకల పని నాకు రాదు. వచ్చినవాళ్లు ల్యాబులో ఒక్కరే ఉన్నారు."

లిండా పెన్ను మూత తీసింది. వేసవి తర్వాత కూడా మైత్రి ఉంటుందని ఆ గదిలోనే తేలిపోయింది.

బయటికొచ్చాక మైత్రి ఆయన్ని వరండాలో పట్టుకుంది. "నా కోసం మీవెందుకు సర్ పాడుచేసుకున్నారు?"

"నీ కోసమా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "జతన్నాక దీనికి జరిగింది దానికీ జరగొద్దా?"

మైత్రికి ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందో అంత చిరాకూ కలిగింది. ఆ మనిషికి థాంక్స్ చెప్పాలన్నా పక్కన ఇంకో థాంక్స్ పెట్టి చెప్పాలి.

ఆ ఆదివారం ఆయన చర్చిలో ప్రార్థన తర్వాతి భోజనాలకు రమ్మంటే వెళ్లింది. బల్ల దగ్గర దేవకుమార్ గారు చేపల పులుసు ముందు కూర్చుని ఉన్నారు. కూర్చున్నారనడం తక్కువ. మూడో విస్తరి అది. ముల్లు కూడా మాట్లాడకుండా బయటికొస్తోంది.

"అదేంటి ఆంటీ, సర్‌కి డాక్టర్ చేపలు వద్దన్లేదా?" అంది మైత్రి, పక్కన వడ్డిస్తున్న ప్రేమజ్యోతి గారితో.

"చేపలు వద్దనేంత ధైర్యం ఏ డాక్టర్‌కి ఉందమ్మా?"

"మరి రోజూ లంచ్‌కి బీరకాయ తెస్తున్నారు?"

ప్రేమజ్యోతి గారు గరిటె ఆపి ఆమెను ఎగాదిగా చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. "నువ్వు చేరేదాకా ఒక్కటే బాక్స్ తీసుకెళ్లేవారు, రోజూ చేపే. ఒకరోజు వచ్చి, కొత్తమ్మాయి శాకాహారం, ఏం తినట్లేదు, పెడతానంటే వద్దంటోంది, దాచిపెడితే తింటుందేమో చూద్దాం అన్నారు. సరే ఆ పిల్లకి కూర, మీకు చేప పెడతానన్నాను. ఒప్పుకోలేదు. రెండూ ఒకేలా లేకపోతే అది కంట్రోల్ ఎలా అవుద్దని నామీదే కేకలు. అప్పట్నుంచి ఆయనకీ బీరకాయే. అన్నట్టు, ఉప్పు ఇప్పుడు సరిపోతోందా? చీటీ చూసి పెంచాను."

మైత్రి చెవులదాకా ఎర్రబడింది. బల్ల అవతల దేవకుమార్ గారు ఏమీ విననట్టు తోకముక్క వెతుక్కుంటున్నారు.

సోమవారం మైత్రి పొద్దున్నే కమ్మింగ్‌లో భోజనాల ఆర్డర్లు తీసుకునే ఒక ఆంటీ దగ్గరికి వెళ్లి, కారు అద్దాలన్నీ దించుకుని ల్యాబుకు వచ్చింది. మధ్యాహ్నం దేవకుమార్ గారి ముందు రెండు డబ్బాలు పెట్టింది. ఆయన మూతలు తీశారు. రెండింట్లోనూ చేపల పులుసే.

"ఇదేంటమ్మా?"

"ఒకటి తినడానికి సర్. ఒకటి కంట్రోల్."

"మరి నువ్వు?"

మైత్రి ఆయన సంచిలోంచి బీరకాయ డబ్బాలు రెండూ దర్జాగా బయటికి తీసి, కారులోకి పోకుండా ఆయన ఎదురుగానే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆయన లేచి తన డబ్బాలు రెండూ మైక్రోవేవ్‌లో పెట్టి, కాస్త ఎక్కువసేపే తిప్పారు. రెంటికీ ఒకే వేడి, ఒకేసేపు.

అమెరికా ఆఫీసులో మైక్రోవేవ్‌లో చేప వేడిచేయడం ఎంత నేరమో అక్కడ పనిచేసినవాళ్లకు తెలుసు. పులుసు వాసన వరండా దాటి, మెట్లెక్కి, రెండో అంతస్తులో ఇన్సూరెన్సు ఆఫీసువాళ్లను పలకరించింది. లిండా ముక్కు పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది.

"దేవ్, ఈ వాసన మరీ ఎక్కువగా లేదూ?"

దేవకుమార్ గారి నోటినిండా ముద్ద ఉంది. చేయి పైకెత్తి, ఆగమన్నట్టు సైగ చేశారు. ఈలోపు మైత్రి బీరకాయ కూర కలుపుకుంటూ, తల ఎత్తకుండా, లిండాను అడిగింది.

"దేనితో పోలిస్తే?"